పర్సనల్ ట్రైనర్‌ని ఎప్పుడు పెట్టుకోవాలి: మొదటి రోజా, రెండు నెలలయ్యాకా, ఒళ్లు మొరాయించాకా?

జిమ్‌లో చేరదామని వెళ్తే మెంబర్‌షిప్ డబ్బులు కట్టీ కట్టకముందే కౌంటర్ మీద ఇంకో కాగితం పెడతారు, పీటీ (పర్సనల్ ట్రైనింగ్) ప్యాకేజీ అని. నెలకి పన్నెండు సెషన్లు, మూడు నెలలకి కలిపి కడితే తగ్గింపు, ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు. అక్కడ నిలబడి అప్పటికప్పుడు తేల్చేసుకునే విషయం కాదది. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. రోజూ ఒక వేళకి ఒళ్లు కదిలించడం అలవాటయ్యాక, కానీ బరువులు ఎత్తడం మొదలుపెట్టక ముందు ట్రైనర్‌ని పెట్టుకోండి. ఆ కొద్ది వారాల్లో పెట్టిన డబ్బుకి దక్కే ఫలితం అంతకుముందు పెట్టినా, ఆ తర్వాత పెట్టినా దక్కదు. కొంతమంది మాత్రం మొదటి రోజు నుంచే పక్కన మనిషిని ఉంచుకోవాలి, ఇంకొంతమందికి అసలు ట్రైనరే అక్కర్లేదు, వాళ్ల సంగతి కూడా చెబుతాను.

ముందు మొదటి రోజు నుంచే పెట్టుకోవడం గురించి. ఇందులో లాభం లేకపోలేదు. జిమ్‌లో అడుగుపెట్టగానే వెయిట్స్ సెక్షన్ చూసి బెదిరిపోయే వాళ్లుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు, అందరూ తమనే చూస్తున్నారేమో అని ట్రెడ్‌మిల్ దాటి ఇటు రారు. పక్కన ఒక మనిషి ఉంటే ఆ బెరుకు వారంలో పోతుంది. డబ్బు కట్టాం కదా అని పొద్దున్నే లేచే వాళ్లూ ఉంటారు. అయితే కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి తమ టైమ్ ఏదో తమకే ఇంకా తెలియదు. గచ్చిబౌలిలో అమెరికా షిఫ్ట్ చేసే అబ్బాయి పొద్దున ఆరు గంటల స్లాట్ తీసుకుంటే రెండో వారానికే నిద్ర చాలక మానేస్తాడు. పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏడున్నర స్లాట్ ఇస్తే పరీక్షల నెలలో కుదరదు. ప్యాకేజీకి గడువు ఉంటుంది, వాడుకోని సెషన్లు చాలా చోట్ల పోయినట్టే లెక్క. పైగా నడిస్తే ఆయాసపడే మనిషికి మొదటి మూడు నాలుగు వారాలు ట్రైనర్ చేయించేది ఏముంటుంది, ట్రెడ్‌మిల్ మీద నడక, కాస్త స్ట్రెచింగ్, కుర్చీలో కూర్చుని లేచినట్టు గుంజీలు. ఆ పని మీరు ఒక్కరే చేసుకోగలరు, దానికి సెషన్ ఫీజు కట్టడం నాకు నచ్చదు.

అందుకే చాలామందికి నేను చెప్పేది, ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒంటరిగా నడవండి అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మాదిరి వేగంతో వ్యాయామం చేయాలి, దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలి. ఇందులో మొదటి సగానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు, విశాఖలో బీచ్ రోడ్డు, ఏ ఊళ్లో అయినా కాలేజీ గ్రౌండ్, అదీ లేకపోతే ఇంటి మేడ. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు వచ్చేస్తాయి. చాలా పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాలు కూడా పెట్టారు, కీళ్లు కదలడానికి అవి చాలు. దీనివల్ల ఊపిరి కుదురుకోవడం ఒక్కటే కాదు, మీకు పొద్దున కుదురుతుందా సాయంత్రమా, వారంలో ఏ రోజులు తప్పుతున్నాయి, మోకాలు నొప్పి ఎప్పుడు వస్తోంది అన్నీ తెలుస్తాయి. రేపు ట్రైనర్ దగ్గర కూర్చున్నప్పుడు ఈ వివరాలే అతనికి కావాలి. ఆరు వారాల్లో సగం రోజులైనా నడవలేకపోతే ట్రైనర్ ఫీజు కట్టినా అదే జరుగుతుందని నా నమ్మకం, ముందు మీ నిద్ర వేళలు, పని వేళలు సర్దుకోవాలి.

నడక కుదిరింది, ఇక వెయిట్స్ మొదలుపెడదాం అనుకున్నారు. ఇదిగో, ఇప్పుడు కావాలి మనిషి. ఎందుకంటే స్క్వాట్ (బరువుతో గుంజీ తీయడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డుని పైకి లేపడం) లాంటివి వీడియోలో చూస్తే తేలిగ్గా కనిపిస్తాయి కానీ మన నడుం వంగిందో నిటారుగా ఉందో మనకి తెలియదు, అద్దంలో చూద్దామని మెడ తిప్పితే నడుం ఇంకో రకంగా వంగుతుంది. తుంటి దగ్గర వంగాల్సిన చోట వీపు దగ్గర వంగడం, మోకాళ్లు లోపలికి పడటం, తలపైకి బరువెత్తేటప్పుడు నడుం వెనక్కి వాల్చడం, ఈ మూడూ కొత్తవాళ్లలో చాలా ఎక్కువగా కనిపిస్తాయి. జిమ్‌లో ఉండే పెద్ద రాడ్డు, అదే ఒలింపిక్ రాడ్డు, ప్లేట్లు ఏమీ వేయకుండానే 20 కిలోలు ఉంటుంది, చాలామంది ఆడవాళ్లకి దాన్ని తలమీదికి ఎత్తడం మొదట్లో ఎక్కువే. ఎవరూ చెప్పకపోతే ఖాళీ రాడ్డే కదా అని ఎత్తేస్తారు. మొదటి ఆరేడు వారాల్లో బలం గబగబా పెరుగుతుంది, అప్పటికి కండ పెరిగింది తక్కువ, నరాలు కండరాలని సరిగ్గా వాడుకోవడం నేర్చుకుంటున్నాయి అంతే. ఒళ్లు పద్ధతి నేర్చుకునే సమయం అదే, తప్పుగా నేర్చుకుంటే తప్పే అలవాటవుతుంది. మూడేళ్లు తప్పుగా స్క్వాట్ చేసిన మనిషిని సరిచేయడం ట్రైనర్లకి కూడా కష్టమే. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీయిస్తూ వస్తాదు పక్కనే నిలబడి చూసేవాడంటే కారణం ఇదే, మొదట్లో చూసే కన్ను కావాలి.

ఎన్ని సెషన్లు? వారానికి మూడు చొప్పున రెండు నెలలు, అంటే 24 సెషన్లు, చాలామందికి సరిపోతాయి. ఆ తర్వాత ఒంటరిగా చేసుకుంటూ నెలకి ఒకటో రెండో సెషన్లు తీసుకుని ఫామ్, అంటే ఒంటిని వంచి లేపే పద్ధతి, చూపించుకుంటే చాలు. ఏడాది పొడుగునా ట్రైనర్ లేనిదే చేయలేని స్థితిలో ఉంటే ఆ ట్రైనర్ మీకు నేర్పలేదనే అర్థం.

మధ్యలో ఇంకో మాట వినిపిస్తుంటుంది, "ముందు ఒక పది కిలోలు తగ్గి, అప్పుడు ట్రైనర్ దగ్గరికి వెళ్తా" అని. పెళ్లి కుదిరిన అమ్మాయిలు, కాన్పు అయిన ఏడాదికి మళ్లీ మొదలుపెట్టే తల్లులు ఎక్కువగా అంటారు ఇది. నాకు ఈ ఆలోచన మీద గట్టి అభ్యంతరం ఉంది. అన్నం సగానికి సగం తగ్గించి, నడక ఒక్కటే పెట్టుకుని పది కిలోలు తగ్గితే అందులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కండ పోతే నీరసం, మెట్లెక్కితే కాళ్లు లాగడం, మామూలు తిండి మొదలుపెట్టగానే బరువు తిరిగి రావడం. బరువు తగ్గే రోజుల్లోనే వెయిట్స్ చేయాలి, ఉన్న కండ నిలబడేది దానివల్లే, కాబట్టి ట్రైనర్ కావాల్సింది కూడా అప్పుడే. లావుగా ఉన్నామని మొహమాటపడి వాయిదా వేయకండి, మంచి ట్రైనర్ దగ్గర సగం మంది అలా వచ్చినవాళ్లే. లెక్క చూసుకోవాలంటే తూకం కంటే టేపు మంచిది: మన దేశంలో మగవాళ్లకి నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైందని డాక్టర్లు లెక్కేస్తారు. నెల తిరిగేసరికి కిలోలు తగ్గలేదని ట్రైనర్‌ని మార్చేసేవాళ్లు టేపు కూడా ఒకసారి చూడాలి.

ఇక మూడో రకం, రెండు మూడేళ్లుగా సొంతంగా చేస్తూ ఒకచోట ఆగిపోయినవాళ్లు. అదే డంబెల్, అన్నే సార్లు, ఆరు నెలలుగా మార్పు లేదు. వీళ్లు మూడు నెలల ప్యాకేజీ తీసుకోవడం దండగ. బాగా అనుభవం ఉన్న ఒకరి దగ్గర రెండు మూడు సెషన్లు చాలు, మీరు చేస్తున్నది చూపించి, రాసుకున్న లెక్కలు ముందు పెట్టి, ప్లాన్ మార్పించుకుని వచ్చేయొచ్చు. అయితే కొత్తవాళ్లకి చేయించే ట్రైనర్ వీళ్లకి సరిపోకపోవచ్చు, వెతుక్కోవాల్సిందే. నిద్ర, తిండి సరిగ్గా లేక ఆగిపోయిన వాళ్లకైతే ఆ మార్పుకి ట్రైనర్ కూడా అక్కర్లేదు.

మొదటి రోజు నుంచే ట్రైనర్ ఉండాల్సినవాళ్లు ఎవరంటే, నా లెక్కలో, అరవై దాటి మొదటిసారి బరువులు పట్టుకునేవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, ఊపిరి వదలమని ప్రతిసారీ గుర్తుచేసే మనిషి కావాలి. షుగర్ మందులు వేసుకుని ఖాళీ కడుపుతో వ్యాయామం చేస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లకి పైనే అని తేల్చింది, అంటే ఏ జిమ్‌కి వెళ్లినా అక్కడ అలాంటివాళ్లు ఉంటారు. వీళ్లందరూ ముందు డాక్టర్‌ని అడిగి, మందుల చీటీ ట్రైనర్‌కి చూపించి మొదలుపెట్టాలి. చీటీ చూపిస్తే "ఏం కాదులెండి" అని పక్కన పెట్టే ట్రైనర్ దగ్గర మీ అమ్మానాన్నల్ని అసలు చేర్చకండి.

నొప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు. డిస్క్ నొప్పి కాలిలోకి దిగడం, మోకాలి ఆపరేషన్, భుజం పైకి లేవకపోవడం, సిజేరియన్ తర్వాత పొట్ట కండరాలు విడిపోవడం, ఇవన్నీ మొదట ఫిజియోథెరపిస్ట్ చూడాలి. ఫిజియో అంటే నాలుగేళ్ల పైన డిగ్రీ చదివి, ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు. మన దేశంలో ట్రైనర్ అనిపించుకోడానికి ప్రభుత్వ లైసెన్స్ ఏదీ అక్కర్లేదు. నొప్పి ఎందుకొచ్చిందో చెప్పడం ట్రైనర్ పని కాదు, చెప్పానని అతను అన్నా నమ్మొద్దు. స్టెంట్ వేయించుకున్నవాళ్లకి గుండె డాక్టర్ మాటే ఆఖరు. ఫిజియో ఇక చాలు అన్నాక, ఆ కాగితం తీసుకుని ట్రైనర్ దగ్గరికి వెళ్లడం సరైన వరస. ఇద్దరూ ఫోన్‌లో ఒకసారి మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

అసలు అక్కర్లేని వాళ్లు కూడా చాలామంది. అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని మొక్కుకున్నవాళ్లకి ఎదురుగా ఉన్నవి 3,550 మెట్లు, దానికి కావాల్సింది రెండు మూడు నెలలు ఇంటి మెట్లో ఊరి గుట్టో ఎక్కి దిగడం. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యేవాళ్లకి పరుగు, లాంగ్ జంప్ లాంటివి ఉంటాయి, వాటికి గ్రౌండ్‌లో నేర్పే కోచ్ కావాలి, ఏసీ జిమ్‌లో చేతుల కండలు పెంచే ట్రైనర్ కాదు. వెయిట్స్ వద్దు, ఒళ్లు తేలిగ్గా ఉంటే చాలు అనుకునేవాళ్లకి మంచి యోగా క్లాసు చవక, పదిమంది తోడు ఉంటారు.

ట్రైనర్ అంటే ఒకే రకం కాదు కాబట్టి ఖర్చు చూసుకుని ఎంచుకోండి. జిమ్‌లో అందరికీ కలిపి ఉండే ఫ్లోర్ ట్రైనర్‌కి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, మెంబర్‌షిప్‌లోనే వస్తాడు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు మధ్య వెళ్లగలిగితే జిమ్ ఖాళీగా ఉంటుంది, ఫ్లోర్ ట్రైనర్ మీకు దాదాపు పర్సనల్ ట్రైనర్‌తో సమానం. సాయంత్రం ఏడింటికి వెళ్తే ముప్ఫై మందిలో ఒకరు. చాలా జిమ్‌లలో ట్రైనర్ జీతం తక్కువ, పీటీ మీద వచ్చే కమీషనే ఎక్కువ, కాబట్టి ఫ్లోర్ మీద ఉన్నప్పుడు కొంచెమే చెప్పి మిగతాది ప్యాకేజీ తీసుకుంటే చెప్తా అనే ధోరణి ఉంటుంది. అది అతని తప్పు అనను, ఆ వ్యాపారం నడిచే పద్ధతే అంత, మీరు తెలుసుకుని ఉండాలి.

పీటీ ఖర్చు ఎక్కువనిపిస్తే భార్యాభర్తలో ఇద్దరు స్నేహితులో కలిసి ఒక స్లాట్ తీసుకోండి, చాలామంది ట్రైనర్లు ఒప్పుకుంటారు, ఒక్కొక్కరికీ భారం బాగా తగ్గుతుంది. ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూసి నేర్చుకుంటారు, నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే. గేటెడ్ కమ్యూనిటీలో ఉన్నవాళ్లు తమ క్లబ్‌హౌస్ జిమ్‌కే ట్రైనర్‌ని రప్పించుకోవచ్చు, కాకపోతే బయటి ట్రైనర్లని లోపలికి రానిస్తారో లేదో అసోసియేషన్‌ని ముందే అడగాలి. గ్రూప్ క్లాసులు ఉత్సాహానికి బాగుంటాయి, కానీ పాటకి తగ్గట్టు అందరూ ఒకే వేగంతో గెంతుతుంటే మీ మోకాలు ఎటు పోతోందో ఎవరూ చూడరు, అధిక బరువు ఉన్నవాళ్లు గెంతే క్లాసులకి మొదట్లో దూరంగా ఉండటం మంచిది.

ఆన్‌లైన్ కోచ్‌లు ఇప్పుడు బాగా వచ్చారు. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇది నిజంగా పనికొస్తుంది, అమెరికాలో ట్రైనర్ గంటకి అడిగే డాలర్లతో ఇక్కడి కోచ్‌కి చాలా రోజుల ఫీజు కట్టొచ్చు, పైగా పప్పు, పెరుగు, పెసరట్టు తినే మనిషికి డైట్ ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు ఉంటారు. డాలస్‌లో పొద్దున ఆరు అంటే ఇక్కడ సాయంత్రం నాలుగున్నరో ఐదున్నరో, ఇద్దరికీ కుదిరే వేళ. కానీ ఫామ్ బొత్తిగా రానివాళ్లు ఆన్‌లైన్‌తో మొదలుపెట్టొద్దని నా సలహా. ఫోన్ కెమెరా ఒక వైపు నుంచే చూస్తుంది, నడుం వంగగానే చెయ్యి పెట్టి ఆపే మనిషి అక్కడ ఉండడు. ముందు దగ్గర్లో ఎవరి దగ్గరైనా పది పన్నెండు సెషన్లు నేరుగా నేర్చుకుని, ఆ తర్వాత ఆన్‌లైన్‌కి మారితే సరిపోతుంది.

మనిషిని ఎంచుకోవడం దగ్గర తొందర వద్దు. ఒక ట్రయల్ సెషన్ అడగండి. మొదటి పది నిమిషాలు అతను ఏం అడుగుతాడో గమనించండి: ఛాతీ నొప్పి వచ్చిందా, కళ్లు తిరుగుతాయా, ఏ మందులు వాడుతున్నారు, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, ఎన్ని గంటలు నిద్రపోతారు. ఇవేమీ అడక్కుండా నేరుగా డంబెల్ చేతికిస్తే ఆ ప్యాకేజీ వద్దు. ఏసీఈ, ఏసీఎస్ఎం, ఎన్ఎస్‌సీఏ, కే11 లాంటి సర్టిఫికెట్లు ఉంటే అడిగి చూడండి, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) నేర్చుకున్నాడా అని కూడా తప్పకుండా అడగండి. సర్టిఫికెట్ ఉన్నంతమాత్రాన మంచి ట్రైనర్ అని కాదు, కానీ అడిగితే చిరాకుపడే మనిషిని వదిలేయండి. పక్కవాళ్లకి అతను చేయిస్తున్నప్పుడు ఓ అరగంట కూర్చుని చూడండి, ఫోన్ చూస్తున్నాడా, బరువులు రాసుకుంటున్నాడా, ముట్టుకుని సరిచేసే ముందు అడుగుతున్నాడా. ఆడవాళ్లు మహిళా ట్రైనర్ కావాలంటే నిర్మొహమాటంగా అడగాలి, లేరు అంటే ఇంకో జిమ్ చూసుకోవాలి.

మొదటి రోజే ఒళ్లు హూనం చేసి "అదీ వర్కవుట్ అంటే" అనేవాళ్లని నేను అస్సలు ఒప్పుకోను. వ్యాయామం చేసిన రెండో రోజు, మూడో రోజు కండరాలు నొప్పిగా ఉండటం మామూలే. కానీ భరించలేనంత నొప్పి, వాపు, మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం కనిపిస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందని అర్థం, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇంకొకటి, పౌడర్లు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వద్దనే చెప్పింది. మామూలు పెద్దవాళ్లకి రోజుకి కిలో శరీర బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు, వెయిట్స్ చేసేవాళ్లకి ఇంకొంచెం. గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది, ఆపైన పప్పు, పెరుగు, ఉలవలు, చేప, చికెన్, ఉన్నవాటితో చూసుకోవచ్చు. రెండో వారంలోనే డబ్బా అమ్మజూపే ట్రైనర్‌కి నమస్కారం పెట్టి రండి. కండ పెంచే ఇంజెక్షన్, కొవ్వు కరిగించే ఫ్యాట్ బర్నర్ అన్న మాట వస్తే ఆ జిమ్ గుమ్మమే తొక్కొద్దు, కుర్రాళ్లు ఉన్న ఇళ్లలో తల్లిదండ్రులు దీని మీద ఒక కన్నేసి ఉంచాలి.

డబ్బు సంగతి. ఏడాదికి కలిపి కట్టొద్దు, మొదట పన్నెండు సెషన్లకే కట్టండి. ఎన్ని రోజుల్లో వాడుకోవాలి, ఊరెళ్తే గడువు పెంచుతారా, ట్రైనర్ మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు ఇస్తారా, ఈ మూడూ రసీదు మీదో వాట్సాప్‌లోనో రాయించుకోండి, ట్రైనర్లు తరచుగా మారుతుంటారు కాబట్టి ఆ మూడోది ముఖ్యం. జిమ్ సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఎంత వేశారో చూసుకోండి. జనవరిలో ఆఫర్లు ఎక్కువ, జనం ఎక్కువ, మంచి ట్రైనర్‌కి ఖాళీ తక్కువ. తొందర లేకపోతే సంక్రాంతి దాటనిచ్చి ఫిబ్రవరిలో వెళ్లండి, కొత్తగా చేరినవాళ్లలో చాలామంది అప్పటికి మానేసి ఉంటారు, మీరు అడిగిన స్లాట్ దొరుకుతుంది.

చివరిగా, ఏ రోజు ఏ వ్యాయామం, ఎంత బరువు, ఎన్ని సార్లు అన్నది మొదటి సెషన్ నుంచే మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి, జిమ్ యాప్‌లో ఉందిలే అని వదిలేయొద్దు. ట్రైనర్ మారినా, ఊరు మారినా, ఆరు నెలలు ఆగి మళ్లీ మొదలుపెట్టినా ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో అది చూసి చెప్పేయొచ్చు, కొత్త ట్రైనర్ మళ్లీ మొదటి నుంచి పన్నెండు సెషన్లు అంటే ఆ పుస్తకం ముందు పెట్టి నాలుగు చాలు అనొచ్చు.